హిజ్ టీచర్ దిద్దిన వాక్యం

ఇంగ్లీషు ట్యూషన్ చెప్పే ఆవిడను పిల్లలు చాటుగా హిజ్ టీచర్ అంటారు. ‘అతను రావడం’ అనడానికి ‘హిమ్ కమింగ్’ అన్నవాడి పని అయిపోయినట్టే; ‘హిజ్ కమింగ్’ అనేదాకా కూర్చోనివ్వదు. ఈ రోజుల్లో రెండూ చెల్లుతాయని ఎవరైనా అంటే, చెల్లితే బజార్లో చెల్లనీ, నా గదిలో కాదంటుంది.

ఆ సాయంత్రం అందరినీ తమకు నచ్చని పని మీద ఒక్కో వాక్యం చెప్పమంది. తమ్ముడి గురక, నాన్న పాట అయ్యాక, ఎప్పుడూ నోరు విప్పని ఎనిమిదో తరగతి పిల్ల లేచింది.

“ఐ డోంట్ లైక్ అంకుల్ కమింగ్ ఇంటు మై రూమ్.”

“అంకుల్స్ కమింగ్,” అని దిద్దింది టీచర్. పిల్ల మళ్ళీ చెప్పింది. గొంతు పెంచమంటే పెంచింది కూడా. వెరీ గుడ్ అని పక్కవాడి వైపు తిరిగాక గానీ, తాను విన్నదేమిటో టీచరుకు తలకెక్కలేదు. ఆ మాటను పిల్ల చేత అందరి ముందూ మళ్ళీ అనిపించింది తనే. తన చాదస్తం మీద తనకే ఒళ్ళు మండింది.

అంకుల్ అంటే వాళ్ళు అద్దెకుండే ఇంటి ఓనరు. తల్లి బట్టల షాపులో పని ముగించుకొచ్చేసరికి పొద్దుపోతుందని రోజూ పిల్లను ట్యూషన్ నుంచి తీసుకెళ్ళేది ఆయనే. అంత మంచి మనిషి దొరకడం తమ అదృష్టమని తల్లి అందరికీ చెప్పుకునేది.

ట్యూషన్ వదిలేవేళకు ఆయన మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. పిల్లకు పాఠం ఇంకా రాలేదనీ, ఇవాళ తల్లే వచ్చి తీసుకెళ్ళాలనీ టీచర్ చెప్పింది. ఆవిడ పట్టుదల అందరికీ తెలిసిందే కాబట్టి ఆయన నవ్వి, పర్లేదు, ఉంటానన్నాడు. టీచర్ లోపలికొచ్చి తల్లికి ఫోన్ చేసింది.

తల్లి పరుగున వచ్చింది. మార్కులు తగ్గాయేమోనని ఆయాసపడుతూనే సంజాయిషీ మొదలుపెట్టింది.

“మార్కుల సంగతి కాదండి. అమ్మకి చెప్పు తల్లీ. తెలుగులో చెప్పు,” అంది టీచర్.

పిల్ల నోరు తెరిచింది. పరాయి భాషలో, పాఠం కోసమన్నట్టు చెప్పగలిగిన మాట, సొంత భాషలో గొంతుకు అడ్డం పడింది. టీచరుకు ఏడుపొచ్చింది. ఎలా వస్తే అలాగే చెప్పమంది.

పిల్ల గోడవైపు చూస్తూ ఇంగ్లీషులోనే చెప్పింది. టీచర్ ఏమీ దిద్దలేదు.

తల్లికి ఇంగ్లీషు రాదు. కానీ అంకుల్, రూమ్ అన్న మాటలు ఆమెకూ తెలుసు. కూతురి మొహంలోకి చూసింది.

“అయిందా అమ్మా? వెళ్దామా?” అంటూ బయటి నుంచి ఆయన గొంతు వినిపించింది.

తల్లి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.