గౌరీదేవికి గుర్తొచ్చిన చతురస్రం

ఆ ఆదివారం నా చేతిలో ఉన్నవి ఇవి: హిందీ మాట్లాడే బాగ్‌బేరాలో ఓ బట్టల కొట్టు, బేరం చూసుకునే భార్య గౌరీదేవి, కాలేజీలో తాత్కాలికంగా తత్వశాస్త్రం చెప్పే కూతురు తనుశ్రీ. మర్నాడు కాలేజీ పెద్దల ముందు పాఠం చెప్పి మెప్పిస్తే పిల్ల ఉద్యోగం ఖాయమవుతుంది.

పాఠం పాత గ్రీకులది. నేర్చుకోవడమంటే ఆత్మకు ముందే తెలిసింది గుర్తుచేసుకోవడమేనట. సరిగ్గా అడిగితే బడి మొహం చూడనివాళ్లూ లెక్క చెప్పగలరట. తల్లి మీద పరీక్షించి చూస్తానని, కొట్టు మూసిన మధ్యాహ్నం తనుశ్రీ నేల మీద సుద్దతో చతురస్రం గీసింది.

“అమ్మా, దీనికి రెట్టింపు చోటుండే చతురస్రం ఎలా గీయాలి?”

“ఏటుంది, అన్ని పక్కలూ రెట్టింపు సెయ్యి.”

గీస్తే నాలుగు గళ్లొచ్చాయి.

“నాలుగింతలైపోనాది కదే.”

“సోచో అమ్మా, ఆలోచించు. మరి గీత ఎక్కణ్ణించి గీయను?” సుద్దముక్కను గడి అంచు వెంబడి మెల్లగా మూల దాకా జరిపింది.

గౌరీదేవి తలెత్తి చూసి, “ఆగాగు. ఒక్కో గడీకి మూల నించి మూలకి,” అంది.

గళ్లన్నీ సగమయ్యాయి. నాలుగు సగాలు కలిసి మధ్యలో రెట్టింపు చతురస్రం నిలిచింది.

“దేఖా నాన్నా, చూశావా? నేనేం చెప్పలేదు. అమ్మకే గుర్తొచ్చింది.”

నాకు అనుమానమొచ్చింది. మా కొట్లో ఓ పద్ధతుంది. బేరం నడుస్తుంటే కొనేవాళ్ల వెనక కూర్చున్న నేను కళ్లజోడు సర్దితే ధర తగ్గించకూడదు, మీసం దువ్వితే ఇచ్చేయొచ్చు. జవాబు ముందే విన్న నా చెయ్యి, సుద్ద మూలకు రాగానే మీసం మీదికి పోయినట్టుంది, ఇప్పుడూ అక్కడే ఉంది.

చెప్పకపోతే పిల్ల ధైర్యంగా వెళ్తుంది. కానీ చిరుగున్న చీరను మడతపెట్టి అమ్మినట్టే. చెప్పేశాను.

“అమ్మా, నాన్నని చూసి చెప్పావా?”

“మరేటి? ఇన్నేళ్లూ ఆ మొగం సూసే యాపారం సేసినాను. అందంగా ఉందని సూత్తన్నాననుకున్నావేటి?”

తనుశ్రీ నవ్వలేదు. “అయితే నా పాఠం ఖతం.”

“ఖతమెందుకవుద్ది?” అన్నాను. “రేపు నీ తరగతి పిల్లలు మాత్రం నీ మొగం సూడరేటి? అదే ఆళ్లనడుగు.”

అడిగింది. మర్నాడు పిల్లలు గీత సరిగ్గా చెప్పగానే, “ఇది మీకు గుర్తొచ్చిందా, నా మొహంలో దొరికిందా?” అంది. గంట కొట్టేదాకా వాదులాడుకున్నారట. పాఠాన్ని తేల్చకుండా వదిలేసిందని పెద్దల్లో ఒకాయన ముఖం ముడిచాడట.

ఉద్యోగం వేరొకరికి ఖాయమైంది. మా పిల్లకు మరో ఏడాది తాత్కాలికమే. అది నష్టం కిందే రాసుకున్నాను. వచ్చిందేమిటంటే, సగం ఖాళీగా ఉండే ఆ తరగతికి ఇప్పుడు పక్క గదిలోంచి బెంచీలు మోసుకొస్తున్నారు.