జాన్ అన్న అభిప్రాయం

ప్రొద్దుటూరులో ఫ్లెక్సీ కట్టందే ఏ శుభమూ శుభం కాదు. కూతురు పెద్దమనిషైతే ఫ్లెక్సీ, కొడుకు పదో తరగతి గట్టెక్కితే ఫ్లెక్సీ, కువైట్ నుంచి మనిషి దిగితే ఫ్లెక్సీ. కట్టిన ప్రతిదాని మీదా, అందరికంటే పైన, పెద్దాయన చేతులు జోడించి నవ్వుతూ ఉండాలి. ఆయన బొమ్మ లేకపోతే ఏమవుతుందని అడక్కండి. తెల్లారేసరికి ఫ్లెక్సీ ఉండదు, అంతే. జమ్మలమడుగు చుట్టుపక్కల ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాడు లేడు కాబట్టి మనమూ పెద్దాయనే అందాం. మన ప్రాణాలేమన్నా ఎక్కువొచ్చాయా?

ఆ ఫ్లెక్సీల మీది అక్షరాలు కంప్యూటర్లో కొట్టేవాడు దయానందం. ఇనాయతుల్లా ఫ్లెక్సీ అంగట్లో వెనకవైపు కిటికీ లేని గది అతనిది. పనీ అక్కడే, పడకా అక్కడే. అంగట్లో అందరికీ అతను జాన్. ఊళ్లో భూమి తగాదా ఉంది, నలుగురి కంటా పడకూడదు అని చెప్పుకున్నాడు. ఇనాయతుల్లా పాతికేళ్ల కుర్రవాడు, మంచివాడు, రెండోమాట అడగలేదు. ఈ కథలో జరిగిన ఘోరమంతా ఆ మంచితనం వల్లే జరిగింది.

తగాదా భూమిది కాదు. ఆరేళ్ల కిందట, జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లెలో, దయానందం బావ దాసయ్య ఎన్నికల రోజు ఎదుటి పార్టీ ఏజెంటుగా బూత్‌లో కూర్చున్నాడు. లెయ్ అన్నారు. లేవలేదు. మూడోరోజు సాయంత్రం చర్చి వెనక కళ్లంలో నలుగురు కలిసి వేటకొడవళ్లతో నరికారు. జీపు దిగి, దానికి ఆనుకుని నిలబడి, "మెడ మీద ఎయ్యండ్రా, పొద్దుపోతాంది" అన్నవాడు పెద్దాయన. గడ్డివామి వెనక ఊపిరి బిగబట్టుకుని ఆ మాట విన్నవాడు దయానందం ఒక్కడే.

అక్క సంతోషమ్మ ఊరొదిలి పులివెందుల చేరింది. ఒక బడిలో ఆయాగా కుదిరింది. ఈ ఆరేళ్లూ ఆమె ఆ ఒక్క వాక్యం కోసమే బతికింది. తమ్ముడు కోర్టులో నిలబడి ఆ వాక్యం చెప్పాలి. "నువ్వు పానంతో ఉండాల్సింది దానికేరా" అని ఫోను చేసిన ప్రతిసారీ చెప్పేది. తమ్ముడంటే ప్రేమ లేదని కాదు. ప్రేమకంటే ముందు అది ఉండేది. దయానందం మొదట చెన్నూరులో దాక్కున్నాడు, తర్వాత ప్రొద్దుటూరు వచ్చాడు. గడ్డం పెంచాడు. పెద్దాయన పేరు మొదటిసారి టైపు చేసినప్పుడు మూడుసార్లు తప్పు కొట్టి దిద్దాడు. చెయ్యనంటే ఎందుకు చెయ్యవని అడుగుతారు కదా, చేశాడు. పదోసారికి అలవాటైపోయింది.

గదిలో కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? ఫోను పట్టుకుంటాడు. అందులో ఒక ఆట ఉంది. దానికి నోరు తిరగని పేరేదో ఉందిగానీ మనవాళ్లు రాకాసులాట అంటారు. అడవులూ గుట్టలూ తిరిగి రాకాసుల్ని పట్టాలి, బోనులో వేసి సాకాలి, వాటిని ఎదుటివాడి రాకాసుల మీదికి వదిలి కొట్లాడించాలి. జిల్లాలో ఆడేవాళ్లందరికీ ఫోనులో ఒక గుంపు ఉంది. గుంపు ఉన్నాక రెండు పక్షాలు లేకుండా ఉంటాయా, మన నేల అలాంటిది. నిప్పు రాకాసి గొప్పదని ఒక పక్షం, నీటి రాకాసి గొప్పదని ఇంకో పక్షం. వాళ్లు తిట్టుకునే తిట్లు వింటే నిజం పార్టీలవాళ్లే చెవులు మూసుకోవాలి. దయానందం ఏ పక్షమూ చేరకుండా జాన్ పేరుతో అభిప్రాయాలు రాసేవాడు. ఏది బాగుందో, ఏది బాగాలేదో, ఉన్నదున్నట్టు. నిజం కడుపులో పెట్టుకుని దాక్కున్నవాడికి ఎక్కడో ఒకచోట నిజం చెప్పుకోకపోతే ఊపిరాడదు.

ఆ నెల అతను రాసింది ఇది:

"బొమ్మలు బాగున్నాయి. గుట్టల మీద వాన పడేది శానా బాగుంది. నచ్చనివి రెండు. ఒకటి, దెబ్బ తిన్న రాకాసి చావదు, సొమ్మసిల్లుతుంది. ఆస్పత్రికి తీసుకుపోతే లేచి కూర్చుంటుంది. ఈ ఆట తయారుచేసినోళ్లు దెబ్బ తిన్నోణ్ని ఎప్పుడూ చూసినట్టు లేదు. రెండు, బోనులో వేసిన రాకాసి మర్నాటికే పట్టినోడి పక్కన నిలబడి కొట్లాడుతుంది. నిన్న తన తోడును కొట్టినోడు వీడేనని దానికి గుర్తుండదు. గుర్తుండే రాకాసిని ఒక్కదాన్నన్నా పెట్టండి. అది ఓడిపోయినా సరే, నేను దాన్నే సాకుతా. ఐదు స్టార్లకు రెండు."

గుంపు అట్టుడికిపోయింది. ఐదుకు రెండా, వీడెవడు, వీనికి ఆడటం రాదు అని కొందరు. ఆడినోడే రాసినాడు, మీకు చదవటం రాదు అని కొందరు. ఇనాయతుల్లా ఫోను పట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు.

"ఏంది జాన్ అన్నా, పట్టినాక అది మనదే గదా. పార్టీ మారినోడు పాత పార్టీని తలుచుకుంటాడా?"

"నేనైతే తలుచుకుంటా."

"అయితే నిన్ను బోనులో పెట్టుకున్నోని గతి అంతే" అన్నాడు ఇనాయతుల్లా. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాటకు దయానందం ఎంత నవ్వాడంటే, ఆరేళ్లలో అంత నవ్వింది లేదు. ఇనాయతుల్లా చేతిలో ఫోను ఉంది కదా. ఒక ఫొటో తీసుకున్నాడు.

వారం తిరక్కుండా ఆట కంపెనీవాళ్లు తెలుగులో ఆ నెల వచ్చిన అభిప్రాయాల్లో జాన్‌దే మేలైందని ప్రకటించారు. తిట్టినవాళ్లే ముందుగా పొగిడారు. ఆదివారం గండికోటలో అందరమూ కలుద్దాం, జాన్ అన్నకు సన్మానం చేద్దాం అన్నారు.

"నేను రాను ఇనాయత్. నా ముఖం యాడా పెట్టొద్దు. ఫ్లెక్సీ గిక్సీ అస్సలొద్దు" అన్నాడు దయానందం.

"అట్లనే" అన్నాడు ఇనాయతుల్లా. కానీ ఎనిమిదేళ్లుగా అతను చూస్తున్నదేమిటి? సర్పంచి నుంచి సంఘం అధ్యక్షుడి దాకా ప్రతివాడూ "నాకెందుకప్పా ఇయన్నీ" అనేవాడే, కట్టకపోతే మూతి ముడుచుకునేవాడే. ఫ్లెక్సీ వద్దు అన్నవాడికి రెండు కట్టాలని ఈ సీమలో ఫ్లెక్సీ అంగడి పెట్టిన ప్రతివాడికీ తెలుసు. పాపం, అతనికి తెలిసిన వ్యాపారమది. జాన్ అన్నను సంబరపెడదామనుకున్నాడు.

తర్వాత జరిగిందంతా దయానందానికి ఆలస్యంగా తెలిసింది. ఇనాయతుల్లా పాత ఫైలొకటి తెరిచి, కింద ఎవరిదో పెళ్లికొడుకు బొమ్మ తీసేసి, నవ్వుతున్న దయానందాన్ని పెట్టాడు. పైన పెద్దాయన ఎలాగూ ఉన్నాడు. ఇద్దరి మధ్యా దయానందం ఎప్పుడో కొట్టిన అక్షరాలు ముట్టుకోలేదు: "పేదల పెన్నిధి, మా ఇంటి దైవం పెద్దాయన ఆశీస్సులతో." గండికోటకు పోయే దారి జమ్మలమడుగు మీదుగానే కదా, అక్కడి బస్టాండులో కడదామనుకున్నాడు. అక్కడ కట్టాలంటే పెద్దాయన ఆఫీసుకు ఫోనులో పంపి సరే అనిపించుకోవాలి, అది ఆనవాయితీ. ఎప్పుడూ రెండు నిమిషాల్లో జవాబొచ్చేది, ఆరోజు గంట పట్టింది. "ఒకటెందుకప్పా, రెండు కట్టు. ఒకటి కోర్టు ముందర కట్టు. ఆ పిల్లోడు రాసిందేందో అది గూడా పంపు" అన్నారు. ఇనాయతుల్లా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆదివారం వాళ్లంతా గండికోటలో కేరింతలు కొడుతుంటే దయానందం గదిలో కూర్చుని తన వాక్యం వల్లించుకున్నాడు. మర్నాడే కోర్టులో అతని సాక్ష్యానికి వాయిదా.

సోమవారం పొద్దున జమ్మలమడుగులో బస్సు దిగాడు. దిగీ దిగగానే తలెత్తితే తన ముఖమే కనిపించింది. తలుపంత ముఖం, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. దాని కింద పులివెందుల నుంచి ముందే వచ్చిన సంతోషమ్మ నిలబడి ఉంది, తెల్లచీరలో, చేతిసంచి పట్టుకుని.

"ఇది నువ్వేనా?" అంది ఆమె.

"నేనే అక్కా. కట్టించింది నేను గాదు. ఫోన్లో ఒక ఆట ఉండాది, దాని గురించి నేను రాసింటే..."

"ఆటా?"

"దానికి మెచ్చుకోని, అంగడి పిల్లోడు తెలీక..."

"ఎవుని కింద నిలబడి నవ్వుతాండావో సూసుకున్యావా?"

దయానందం తలెత్తలేదు. "లోపల అంతా చెప్తా అక్కా. ఒక్క మాట ఇడిసిపెట్టకుండా చెప్తా."

"చెప్పు. అప్పుడు సూస్తా."

కోర్టు వరండాలో పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ మనుషులు. దయానందాన్ని చూసి లేచి నిలబడ్డాడు, ఎంతో ఆప్యాయంగా. ఒకడు శాలువా అందించాడు.

"నువ్వు రాసింది సదివించుకోని ఇన్నానప్పా. శానా బాగా రాసినావు" అన్నాడు శాలువా కప్పుతూ. గొంతు తగ్గించాడు. "బోన్లో ఏస్తే మర్నాటికే పట్టినోని పక్క నిలబడతాదంటనే ఆ జంతువు. నిజమేనా?"

శాలువా విసిరికొట్టాలనుకున్నాడు దయానందం. చేతులు లేవలేదు. ఆరేళ్ల భయం చేతుల్లో ఉంది మరి. చేతులు లేచేసరికి ఇరవై ఫోన్లు ఫొటోలు తీసుకోవడం అయిపోయింది. వరండా చివర స్తంభం దగ్గర నిలబడి సంతోషమ్మ అంతా చూసింది.

అయినా బోనెక్కి చెప్పాడండీ. తడబడలేదు. కళ్లం, గడ్డివామి, జీపు, నలుగురి పేర్లు, కొడవలి ఎత్తిన చేయి, చివరికి ఆ వాక్యం, ఉన్నదున్నట్టు. సంతోషమ్మ ముఖంలో బిగుసుకుపోయి ఉన్నదేదో అప్పుడు సడలింది. ఆరేళ్ల తర్వాత తమ్ముణ్ని తమ్ముడిలా చూసింది. ఆ చూపు దయానందానికి ఒక్క నిమిషం దక్కింది.

ఆ తర్వాత పెద్దాయన తరఫు వకీలు లేచి ఫ్లెక్సీ ఫొటో ఒకటి చేతికిచ్చాడు.

"ఈ కింద నవ్వుతున్నది ఎవరు?"

"నేను."

"పైన?"

"పెద్దాయన."

"మీ బావను చంపించాడని ఇప్పుడు చెప్పారే, ఈయనేనా?"

"ఈయనే."

"మధ్యలో ఉన్నది చదవండి."

చదివాడు. పేదల పెన్నిధి, మా ఇంటి దైవం. చదువుతుంటే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఈ అక్షరాలు టైపు చేసిందెవరు?"

తెలియదు అంటే సరిపోయేది. ఎవరు పట్టుకుంటారు? కానీ నిజమే చెబుతానని ఇందాకే దేవుని సాక్షిగా ప్రమాణం చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పడం కోసమే ఆరేళ్లు బతికాడు. ఇప్పుడు ఒక్క అబద్ధం ఆడితే ముందు చెప్పిందంతా అబద్ధమైపోతుందని అనుకున్నాడు, పిచ్చివాడు.

"నేనే" అన్నాడు.

"ఇలాంటివి ఇంకా చేశారా?"

"శానా చేసినా. నా పని అది. కానీ ఇది వేరేవాళ్ల కోసం..."

"అడిగినదానికి చెప్పారు, చాలు."

వరండాలో శాలువా కప్పిన ఫొటో కూడా చూపించాడు. ఏం అడిగాడో, తనేం చెప్పాడో దయానందానికి గుర్తులేదు. తలతిప్పి చూసేసరికి అక్క కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

బయటికి పరిగెత్తాడు. కోర్టు ముందరి ఫ్లెక్సీని ఒక ఆటో డ్రైవరు చేత కోయించి, కింద పరిచి, చాప చుట్టినట్టు చుడుతోంది సంతోషమ్మ.

"అక్కా, నిజం చెప్పినా అక్కా. అంతా నిజమే చెప్పినా."

"ఇన్యా. మా ఇంటి దైవం అన్యావు. అదీ ఇన్యా." ఆమె ఏడవలేదు, అరవలేదు. ఫ్లెక్సీ చంకలో పెట్టుకుంది. "ఆ పొద్దు నిన్ను గూడా ఏసేసింటే బాగుండు. మీ బావ పక్కన జాగా ఉన్నింది. ఇద్దరికీ పూలు పెట్టుకోని బతుకుతాంటి."

పులివెందుల బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. సాక్ష్యం నమ్మదగినట్టు లేదని కేసు కొట్టేశారు. జమ్మలమడుగులో టపాకాయలు కాల్చారు. సంగతి తెలిసి ఇనాయతుల్లా తల గోడకేసి కొట్టుకున్నాడు, దయానందం కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. ఏం లాభం? మర్నాడు విజయోత్సవానికి ఇరవై ఫ్లెక్సీలు కావాలని పెద్దాయన మనుషులు వస్తే కాదనలేకపోయాడు. అక్షరాలు దయానందమే కొట్టాడు. ఇంక అతను దాక్కోవాల్సిన పనిలేదు. పట్టపగలు బజార్లో తిరిగినా తిరిగి చూసేవాడు లేడు. చంపాల్సిన అవసరం కూడా లేని మనిషి అయిపోయాడు.

ఆట తీసేశాడు. గుంపులో మాత్రం జాన్ అన్న ఏమయ్యాడని ఇప్పటికీ అడుగుతుంటారు.

ఒక ఆదివారం ఉండబట్టలేక పులివెందుల వెళ్లాడు. చర్చి వదిలే వేళ. అక్క ఇల్లు ఒకటే గది, తలుపు తెరిచే ఉంది. లోపల నలుగురైదుగురు చర్చి ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. దయానందం చెప్పులు విడిచి గడప దగ్గర ఆగిపోయాడు.

గడప ముందర, కాళ్లు తుడుచుకోవడానికి, ఒక పట్టా పరిచి ఉంది. చుట్టూ నీటుగా కత్తిరించి, అంచులు దారంతో కుట్టి ఉన్నాయి. పైన పెద్దాయన లేడు, అక్షరాలూ లేవు. అతని ముఖమొక్కటే ఉంచుకుంది. కళ్లు అరిగిపోయాయి, గడ్డం మట్టికొట్టుకుపోయింది, పళ్లు మాత్రం ఇంకా నవ్వుతున్నాయి.

దాటిపోదామంటే గడప ముందంతా అదే పరిచి ఉంది. సంతోషమ్మ లోపలి నుంచి చూసింది. ఆడవాళ్లు మాటలాపారు.

"యాల నిలబడుకోన్యావు, తొక్కి రా" అంది ఆమె. "అందరూ తొక్కే వస్తాండారు."