మైదా జిగురు

చిన్నప్పుడు ఆమెను అందరూ పెంకిపిల్ల అనేవారు. పగిలిన కప్పులు, సీసాలు ఏరుకొచ్చి అరచేతంత పలకల మీద మొజాయిక్ బొమ్మలు పేర్చడం మొదలుపెట్టాక అన్నయ్య ఆ పేరును పెంకులపిల్ల అని మార్చాడు. ఇప్పుడామెకు నలభై దాటాయి. పేరూ పోలేదు, పెంకితనమూ పోలేదు.

వదిన ఏనాడూ ఒక పెంకు ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా కిందటేడు, "నాలుగు బొమ్మలివ్వు, ప్రదర్శనలో పెట్టిస్తాను" అని పట్టుకెళ్లి, వాటి కింద తన పేరు రాయించుకుంది. పెంకులపిల్ల జనంలో నిలబడి ఆ చప్పట్లన్నీ విని, ఇంటికొచ్చి అన్నయ్యను నిలదీసింది.

"ఎవరి పేరైతే ఏముంది? ఇంట్లోదేగా. గోరంతలు కొండంతలు చెయ్యకు," అన్నాడు అన్నయ్య.

ఆ మాట ముల్లులా దిగింది. వదిన కంటే అన్నయ్య మీదే ఆమెకు ఎక్కువ మండింది. ఆ బొమ్మలు తనవని అన్నయ్య నోటితోనే, నలుగురిలో చెప్పించాలి. అంతకు తక్కువైతే ఆమెకు అక్కర్లేదు.

ఈ ఏడు వదిన మళ్లీ వచ్చింది, ఎక్కడలేని ప్రేమా ఒలకబోస్తూ.

"పోయిన అత్తయ్యగారి ముఖం చెయ్యవూ ఈసారి? చూసినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకోవాలి."

"అలాగే వదినా."

అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి. వదినకు రాలేదు.

అమ్మ చెంపలకు గుడ్డు పెంకులు, జుట్టుకు నల్ల గాజు ముక్కలు, పెదవులకు ఎర్ర పింగాణీ, కళ్లకు అమ్మ పాత కోటు గుండీలు. పట్టకారుతో ఒక్కో ముక్కా పేర్చింది. ఎప్పుడూ వాడే సిమెంటు జిగురు డబ్బా మాత్రం మూత తీయలేదు. పొయ్యి మీద మైదా ఉడికించింది. మైదా జిగురు ఆరితే గట్టిగానే పట్టుకుంటుంది, తడిస్తే వదిలేస్తుంది. జనం వచ్చే ముందు వదిన ప్రతి బొమ్మనూ తడిగుడ్డతో తళతళలాడేలా తుడుస్తుందని ఆమెకు తెలుసు. "అమ్మా, కాస్త ఓర్చుకో," అంటూ ఆఖరి గుండీ అంటించింది.

ప్రదర్శన రోజున వదిన నీళ్లు చిలకరించి మరీ తుడిచి, బొమ్మను గోడకు తగిలించింది. జనం మూగారు. "రాత్రింబవళ్లు కష్టపడ్డానండీ" అని వదిన అందుకునేసరికి అమ్మ గడ్డం జారింది. తర్వాత చెంప. తర్వాత ఒక కన్ను టప్పున నేల మీద పడి దొర్లింది. పెంకులపిల్ల కడుపు చల్లబడింది. అయినా ఆ గుండీ మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"అయ్యయ్యో! పరవాలేదమ్మా," అన్నాడు నిర్వాహకుడు. పాపం, మంచివాడు. ముక్కలన్నీ ఏరించి బల్ల వేయించాడు. "చేసిన చెయ్యే కదా, మళ్లీ పేర్చండి. మేమూ చూసి నేర్చుకుంటాం."

వదిన కూర్చుంది. పెదవి ముక్కను నుదుటి మీద పెట్టింది, తీసింది. గుడ్డు పెంకు ఆవిడ వేళ్ల మధ్య పిండైంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నయ్య చెమట తుడుచుకుంటూ చెల్లెలి దగ్గరికొచ్చాడు.

"అమ్మ ముఖమే అది. నువ్వెళ్లి సరిచెయ్యవే," అన్నాడు చెవిలో.

"చేస్తాను. ముందు అదెవరు చేశారో నువ్వు చెప్పు."

అన్నయ్య భార్య వైపు చూశాడు, జనం వైపు చూశాడు. "మా చెల్లెలు చేసింది," అని గొణిగాడు.

"వెనకవాళ్లకు వినపడలేదు అన్నయ్యా," అంది ఆమె, ఉన్నచోటి నుంచి కదలకుండా. "ఇంకోసారి, గట్టిగా."