లైను ఎవరు గుంజుతున్నరు?

తప్పులుంటే మన్నించాలె. అక్షరాలు దిద్దింది నా పెనిమిటి పోయినంక, ఈ ముసలితనంల. ఒత్తులు ఇంకా కుదరవు, ఒక్క కాగితం నింపేసరికి పొద్దు గూకుతది. నేర్పింది నా కోడలు అనిల. ఈ కథ ఆమెదే. ఇందులో అత్త అని వచ్చేది నేనే.

ఆ పొద్దు అనిల బోళ్లు తోముతుంటే దుబాయి నుంచి పెనిమిటి చక్రధర్ ఫోను వచ్చింది. "సైట్లు జల్ది తెరుస్తా అంటవ్. నిన్న చిన్నవ్వ వస్తే గేటు తెరువనీకె గంత సేపేంది?" అని నవ్వాడు. అనిల కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో మాట వస్తుంది. పోయేముందు చక్రధర్ ఎల్లారెడ్డిలోని ఈ ఇంట్లో గేటు మీద ఒకటి, హాల్లో ఒకటి కెమెరాలు బిగించాడు. ఆడోళ్లిద్దరే ఉంటరు, దొంగల భయం అన్నాడు.

అనిల పని వెబ్‌సైట్లు తొందరగా తెరుచుకునేలా చెయ్యడం. అదేం పని అని అత్త అడిగితే, "సైటు చుట్టంలెక్క మూటాముల్లె అంతా ఎత్తుకొని వస్తది అత్తమ్మా. ముందుగాల మనిషిని లోపలికి పిలిచి కూసోవెట్టాలె. మూటలు మెల్లగ దించుకోవచ్చు" అని చెప్పింది. రొట్టెలు, బట్టలు, చీపురు అన్నీ అయ్యాక కూర్చుని చేసేది. "ఇంట్ల కూసొని చేసేది గూడ పనేనా?" అనేవాడు చక్రధర్. ఇప్పుడు హైదరాబాద్ కంపెనీ ఒకటి పక్కా నౌకరీ ఇస్తానంటోంది. మధ్యాహ్నమే ఆఖరి పరీక్ష. కంపెనీ మేడం పద్మప్రియ చూస్తుండగా ఒక సైటును బాగుచెయ్యాలి. మొన్న వీడియోలో మాట్లాడినప్పుడు అనిల నెట్టు లైను పదే పదే ఆగిపోయింది. "సైటు కంటే ముందు మీ లైను చూసుకోండమ్మా, మళ్లీ ఇట్లయితే నా చేతిలో ఉండదు" అని మేడం నవ్వింది. సిగ్గుతో అనిలా నవ్వింది. ఆ సాయంత్రమే చక్రధర్ అడిగాడు: "మేడంతోటి గంత కిలకిలలేంది? అమ్మ చెప్పింది."

అప్పటినుంచి అనిల అత్త ముందు కంచం పెడుతోంది గానీ మాట కలపడం లేదు. ఇవాళ ఆగలేకపోయింది.

"అత్తమ్మా, ఇంట్ల ముచ్చట్లు దుబాయిదాకా ఎందుకు మోస్తున్నవ్?"

"నేనా? ఆ దినం నేను బీడీలు అప్పజెప్పవోయిన గద బిడ్డా. నువ్వు నవ్వినవో, ఏడ్చినవో నాకేం ఎరుక?"

అనిల చెయ్యి ఆగింది. బోళ్లు అట్లనే వదిలి అర్రలోకి పోయి, ఇంట్లో ఎవరెవరు లైను గుంజుతున్నారో లాప్‌టాప్‌లో చూసింది. గేటు కెమెరా తీగ పీకింది. హాల్లోదీ పీకింది. అయినా ఏదో ఒకటి గుంజుతూనే ఉంది. ఆగకుండా, బొమ్మలు పంపినంత బరువుగా. మేడంతో నవ్వింది ఇక్కడే. అది ఈ అర్రలోనే ఉంది. వెతకడానికి తలెత్తలేదు. తలెత్తితే దాని కళ్లలో పడుతుంది. గోడ పట్టుకుని ఒక్కో స్విచ్ నొక్కుతూ తెర చూసింది. ట్యూబులైటు, కాదు. మంచం మీది బల్బు. గుంజుడు ఆగిపోయింది. కరెంటు పోయినప్పుడు వెలుగుతది, స్విచ్ మాత్రం బంద్ చెయ్యకు అని చక్రధర్ పెట్టిపోయిన బల్బు అది. కెమెరా దాని లోపలే ఉంది. ఈ అర్రలోనే చీర మార్చుకుంది. తలుపు వేసుకుని ఏడ్చింది. ఒంటరిగా ఉన్నానని ఏడ్చింది. ఏ ఒక్క దినమూ ఒంటరిగా లేదు.

వెంటనే ఫోను మోగింది.

"మూడూ బందైనయేంది? కరెంటు పోయిందా?"

మూడూ. ఆమెకు చెప్పింది రెండే.

"ఆ, పోయింది" అంది అనిల.

అతను తల్లికి చేశాడు. "అమ్మా, నా మీద ఒట్టు. కరెంటు ఉన్నదా?"

తల మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అత్త కోడలి మొహం చూసింది. ఆ మొహంలో రక్తం లేదు.

"లేదు కొడుకా."

"సరే. గంగారాంను తోలుతున్న. ఇంట్లకొచ్చి చూసి పోతడు."

గంగారాం అతని దోస్తు. అనిల తలుపు గడియ పెట్టి పరీక్షకు కూర్చుంది. లైను నీళ్లలా పారుతోంది. పరీక్ష నడుమ వీధి తలుపు దబదబా మోగింది. "వదినా! ఇంట్ల ఫ్యాను తిరుగుతున్నట్టుంది గద, తలుపు తియ్యి!" గొంతు కిటికీ వైపు జరిగింది. అత్త లేవబోతే అనిల చేత్తోనే కూర్చోమంది.

"ఎవరో పిలుస్తున్నట్టున్నారు అనిలా. చూసి రండి, ఆగుతాను" అంది పద్మప్రియ.

"అక్కర్లేదు మేడం. పని కానియ్యండి."

చీకటి పడేదాకా గంగారాం బండి ఇంటి ముందే ఉంది. అది పోయాక అనిల లాప్‌టాపు, రెండు చీరలు సంచిలో పెట్టింది. "నేను మళ్ల ఈ అర్రల పండుకోను. నువ్వుంటవా, వస్తవా?" అని అత్తను అడిగింది. అత్త చెప్పులు వేసుకుంది.

ఎంకవ్వ, అరవై మూడేండ్లు. ఇప్పుడు కామారెడ్డిల, ఆ నౌకరీ చేసుకుంటున్న అనిలతోటి ఉంటున్న. గల్లీ పేరు రాయొద్దని అనిల చెప్పింది. నా కొడుక్కు గూడ చదువస్తది.