ప్లగ్గును రుద్దమని ఎవరు చెప్పారు?

ఉదయగిరిలో ఇరవై రెండేళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నాను. ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు స్పార్క్ ప్లగ్గును ఉన్నదున్నట్టు తెచ్చి నా చేతిలో పెట్టిన పాపాన పోలేదు. మాది చెక్క గరిటెల ఊరు. ఏ ఇంట్లో చూసినా గరిటెలు నునుపు చేసే ఉప్పుకాగితం ఉంటుంది. దాంతోనే ప్లగ్గునూ రుద్ది తళతళలాడించి, "చూడు జయపాలూ, ఎంత శుభ్రంగా తెచ్చినానో" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ప్లగ్గు మొనకు పట్టిన రంగే కదయ్యా నాకు ఇంజన్ లోపలి సంగతి చెప్పేది! మా ఊరి గరిటె రంగులో, లేత గోధుమ వన్నెలో ఉంటే ఇంజన్ బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లబడితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. ఆ నలుపు చేతికి నూనెలా అంటితే లోపల పిస్టన్ రింగులు అరిగినట్టు. సున్నం కొట్టినట్టు తెల్లబడితే విపరీతంగా వేడెక్కుతున్నట్టు. ఆ రంగు కాస్తా రుద్దేసి జబ్బేమిటో చెప్పమంటే, థర్మామీటరు విదిలించి ఇచ్చి జ్వరమెంతో చెప్పమన్నట్టే.

పోయిన నెల మాలకొండయ్య చేసింది కూడా ఇదే. రుద్ది ఊరుకున్నా సరిపోయేది. నడిబజారులో నన్ను దొంగను చేశాడు.

మాలకొండయ్య పెద్ద రైతు, ఊళ్లో మాట చెల్లే మనిషి. కూతురు అశ్వితకు ఆత్మకూరులో డిగ్రీ పరీక్ష. నాలుగు రోజుల ముందు బండి తెస్తే నేనే కొత్త ప్లగ్గు వేసి పంపాను. పరీక్ష రోజు తండ్రీకూతుళ్లు పోతుంటే సగం దారిలో బండి ఆగిపోయింది. బస్సు దొరికి ఆత్మకూరు చేరేసరికి హాలు తలుపులు మూసేశారు. పిల్ల ఏడుస్తూ తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున బండిని ఆటోలో వేసుకొచ్చి బస్టాండు దగ్గర నా షాపు ముందు దించాడు. చుట్టూ జనం.

"డూప్లికేట్ ప్లగ్గు ఏసినాడు ఈడు! నా బిడ్డ పరీక్ష పోగొట్టినాడు! ఈడి కాడికి ఇంకెవురూ పోబాకండి!" అని అరిచాడు.

మా నాయన వరప్రసాదం నాకు ఆస్తిపాస్తులు ఇవ్వలేదు. ఈ షాపూ, దానికో మంచి పేరూ ఇచ్చి పోయాడు. జయపాల్ దొంగ సామాను వేయడు అన్న ఒక్క మాట మీదే నా గిరాకీ అంతా. ఆ మాట పోతే పానాలు సర్దుకుని ఇంటికి పోవడమే.

"ప్లగ్గేది?" అన్నాను.

జేబులోంచి తీసి విసిరాడు. కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది.

"దీన్ని రుద్దింది ఎవురు?"

"నేనే. ఇంటికాడ విప్పి శుభ్రం చేసినాను. అదీ తప్పేనా?"

"రుద్దకముందు ఏ రంగులో ఉండింది?"

"మురికికి రంగేందిరా?"

రెండు రోజులు నా షాపు ముఖం చూసినవాడు లేడు. పన్నెండేళ్లుగా నా దగ్గరికే వచ్చే వెంగయ్య కూడా తల తిప్పుకుని పక్క షాపుకు పోయాడు. మూడోరోజు బండిని తోసుకుంటూ మాలకొండయ్య ఇంటికే పోయాను.

"అన్నా, నువ్వు రుద్దిన ప్లగ్గే మళ్లీ ఏసినాను. ఆ రోజు ఎట్ట పోయినారో అట్టే పోదాం పద. అదే దారి, అదే సామాను. ప్లగ్గు దొంగదని తేలితే షాపుకు నేనే తాళం ఏస్తాను" అన్నాను.

అతను కదల్లేదు. గడపలో నిలబడ్డ అశ్విత "పో నాన్నా" అంది. అప్పుడు కదిలాడు. ఆ రోజు కూతురి కోసం కట్టించిన అన్నం క్యారియరు, నీళ్ల సీసాలు మళ్లీ సంచిలో సర్దించి, దాన్ని అప్పటిలాగే హ్యాండిల్‌కు ఎడమ వైపున తగిలించాడు. నేను వెనక కూర్చున్నాను.

ఇరవై కిలోమీటర్లు దాటాక బండి దగ్గడం మొదలుపెట్టింది. వెనక నల్లటి పొగ.

"ఇప్పుడే ఆపెయ్యి! తాళం తిప్పెయ్యి!" అని అరిచాను. ఇంజన్ కాసేపు ఊరికే తిరిగినా ప్లగ్గు రంగు మారిపోతుంది.

గుడ్డ పట్టుకుని వేడి వేడి ప్లగ్గు విప్పాను. పొయ్యి మీద కుండకు పట్టినట్టు పొడి మసి. నూనె జాడే లేదు. అంటే ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువ పోతోంది. ఎందుకు పోతోందా అని బండి అంతా వెతికి, చివరికి సంచి పైకెత్తాను. దాని పట్టీ కింద చోక్ మీట సగానికి పైగా లాగి ఉంది. చలి పొద్దుల్లో బండి స్టార్ట్ కావడానికి కాసేపు లాగి వదిలేసే మీట అది. లాగి ఉన్నంతసేపూ పెట్రోలు ఎక్కువ పోతూనే ఉంటుంది. గుంత వచ్చినప్పుడల్లా సంచి ఊగి, కొంచెం కొంచెంగా దాన్ని లాగేసింది. ఆ రోజు సంచి తీసేటప్పుడు మీట వెనక్కి పోయి ఉంటుంది, అందుకే షాపులో నా కంట పడలేదు.

మాలకొండయ్య మీటను చూశాడు, సంచిని చూశాడు.

"సరేలేరా. జరిగిందేదో జరిగింది. పద."

"పదా? నూరు మందిలో అరిచి, ఈడ తుమ్మచెట్ల కాడ సరేలే అంటావా? అరిచిన చోటే చెప్పాల!"

"రేపొచ్చి చెప్తాలే" అన్నాడు, నా వైపు చూడకుండా.

వేరే ప్లగ్గు వేసి, సంచి నా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. దారంతా బండి ఒక్కసారి దగ్గితే ఒట్టు. నల్లబడ్డ ప్లగ్గును మాత్రం కాగితంలో చుట్టి ఇంట్లో బల్ల మీద భద్రంగా పెట్టుకున్నాను. నా నిజాయితీకి సాక్ష్యం అదే కదా.

పొద్దున్నే కనిపించిన వాళ్లందరినీ షాపు ముందుకు పిలిచాను. మాలకొండయ్య వచ్చాడు, వెనకే అశ్విత. వెంగయ్య కూడా వచ్చాడు. "చూడండి, ప్లగ్గు ఏం చెప్తా ఉండాదో!" అంటూ కాగితం విప్పాను.

తళతళలాడుతోంది.

ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య సుకుమారి ఇంట్లో గరిటెలు నునుపు చేస్తుంది.

"బల్ల మీద ప్లగ్గా? నల్లగా ఉండాదని నేనే రుద్ది మళ్లీ చుట్టి పెట్టినాను. ఏం, ఇంకా మసి ఉండాదా?" అంది.

ఇరవై రెండేళ్లు ఊరినంతా తిట్టిపోశాను. కట్టుకున్న దానికి మాత్రం ఒక్కనాడూ ఆ ముక్క చెప్పలేదు. జనం నవ్వుతున్నారు. మాలకొండయ్యకు ఇక అడ్డేముంది? నన్ను అబద్ధాలకోరని తిట్టి దర్జాగా పోవచ్చు.

అతను ప్లగ్గు వైపు చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు.

"నల్లగానే ఉండింది. నా కళ్లతో చూసినాను" అన్నాడు మెల్లగా. "ప్లగ్గు మంచిదేనమ్మా. నీకని అన్నం కట్టించి ఆ సంచి తగిలించింది నేను. దాని బరువుకే చోక్ లాక్కున్నాది. నీ పరీక్ష పోగొట్టింది నేనే."

అశ్విత వచ్చి తండ్రి చేయి పట్టుకుంది. చూసినవాళ్ల మనసు కరిగి ఉండవచ్చు. నా కోపం మాత్రం కరగలేదు.

"అన్నా, అది నీ బిడ్డకు చెప్పినావు. నన్ను తిట్టింది బస్టాండంతా వినేట్టు గదా? చెప్పేది కూడా అంత గట్టిగానే చెప్పు."

మాలకొండయ్య గొంతు సవరించుకుని, రోడ్డవతల టీ కొట్టు దాకా వినపడేలా మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.