ఏటివైపు పెంకులు

మా ఇంటి బొమ్మ లేని క్యాలెండరు మా ఊళ్లో దొరకదు. ఏటి ఒడ్డున వరసగా ఉన్న పాత ఇళ్లలో మాదే మొదటిది. పడవలో వచ్చేవాళ్లు దూరం నుంచే వేలు పెట్టి చూపిస్తారు, ఫోటోలు తీసుకుంటారు. వానొస్తే లోపల కారే నీళ్లు మాత్రం ఆ ఫోటోల్లో పడవు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఏమిటో నన్నడగండి, చెబుతాను.

మా ఆయనకు ఉబ్బసం. పడకగది చెమ్మకు ఛాతీలో ఒకటే పిల్లికూతలు. "ఇంకో వానాకాలం ఆ గదిలో గడిపితే నా చేతుల్లో ఉండదమ్మా" అనేశాడు డాక్టరు. ఇల్లు మారదామంటే ఈయన వినరు, తాత కట్టిన ఇల్లట. పెంకులు మారుద్దామంటే, ఆ అచ్చు పెంకులు కాల్చే బట్టీ మా మామగారి కాలంలోనే మూతపడింది. ఇక మిగిలినవి రేకులు. వాటికి పాత ఇళ్ల కమిటీ ఒప్పుకోవాలి. ఈయనకు చెప్పకుండా నేనే వెళ్లి అడిగాను. చెబితే ఒప్పుకుంటారా, నా మొహం!

మా హాల్లోనే కూర్చుని, కళ్లారా చూసి తేలుస్తామన్నారు కమిటీ వాళ్లు. ఆ రోజు పొద్దున్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. వాకిట్లోకి వెళ్లడం, మబ్బు చూడటం, లోపలికి రావడం. వాన పడాలని కోరుకోవడం ఈ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదలు.

సాయంత్రం వచ్చారు. అధ్యక్షుడు పెద్దమాస్టారు, రిటైరయ్యాక కూడా ఊరందరినీ బెంచీ ఎక్కించే మనిషి. ఆయన వెంట దర్జీ అక్క, పడవల మేస్త్రి.

"రేకులా? ఈ ఇంటికా? ఇది ఊరి మొహమమ్మా!" అన్నారు మాస్టారు.

మా ఆయన ఉలిక్కిపడ్డారు. "రేకులు ఎవరడిగారు?"

"నేనే" అన్నాను.

"మాకేం ఇబ్బంది లేదు మాస్టారూ. దీనికి ప్రతిదానికీ కంగారే" అని నవ్వేశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అంతలో ఉరిమింది. మా ఆయన మాట మధ్యలోనే లేచారు. వంటింట్లోంచి గిన్నెలు తెచ్చి, పొడినేల మీద ఇక్కడొకటి, అక్కడొకటి పెట్టుకుంటూ వెళ్లారు. "కాస్త జరగండి" అని మాస్టారి కుర్చీ పక్కకు లాగించి ఆ చోట తపేలా పెట్టారు. ఏం చేస్తున్నారో ఆయనకే తెలియదు, చిన్నప్పటి అలవాటు. అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. వాన దిగింది. కాసేపటికి గిన్నె గిన్నెలోనూ టప్పుటప్పుమని చుక్క, ఒక్కటీ గురి తప్పలేదు.

మాస్టారు వంగి తపేలాలోకి చూశారు. "సరే, రేకులు వేసుకోండి" అన్నారు.

"వద్దు" అన్నారు మా ఆయన. "పడవలోంచి చూస్తే రేకు కనపడుతుంది. మా తాత పరువు, ఊరి పరువు..." దగ్గుతెర ముంచుకొచ్చి మాట ఆగిపోయింది.

ఇక నావల్ల కాలేదు. "పడవలో వచ్చేవాళ్లు చూసి వెళ్లిపోతారండీ! మీరు పోతుంటే కూర్చుని చూడాల్సింది నేను. ఈ ఇల్లుండి మీరు లేకపోతే నేనేం చేసుకోను దీన్ని? నా చేతుల్తో నేనే కూలగొడతాను!" అనేసి అందరి ముందూ భోరుమన్నాను.

దర్జీ అక్క ముక్కు చీదుకుంది. "మా ఇంటి వెనక వాలు మీద ఇవే పెంకులున్నాయి. ఏటికి కనపడవు. తీసుకోండి, వెనక మేం రేకులు వేసుకుంటాం" అంది.

"మావీ తీసుకోండి" అన్నాడు మేస్త్రి.

మాస్టారు గొంతు సవరించుకుని, "మా ఇంటివైతే ఒక్కటీ పగల్లేదు" అన్నారు. అందులోనూ పోటీయే ఆయనకు.

మర్నాటి నుంచి వీధి వీధంతా నిచ్చెనలే. మా ఆయన కింద నిలబడి "ఎందుకండీ మీకీ శ్రమ" అంటూనే పెంకులు అందించారు. ఇప్పుడు ఏటివైపు ఊరు ఎప్పటిలాగే ఉంది. వెనక సందులోకి వెళితే మాత్రం రేకుల మెరుపుకు కళ్లు తెరవలేం.

తర్వాతి వాన ఒక మధ్యాహ్నం పట్టుకుంది. ఆయన పడకగదిలో నిద్రపోతున్నారు. చుక్క కారలేదు. దగ్గు లేదు, పిల్లికూతలు లేవు. నాకు హాయిగా ఉండాలి కదా? ఉంటేనా! వంటింట్లో నిలవలేకపోయాను. పొయ్యి ఆపి, వెళ్లి, వంగి, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఆయన కళ్లు తెరవలేదు.

"ఉన్నానే, ఉన్నాను" అన్నారు. "పడుకోనీ."