ఎవరి చేతిలో ఏ తాళం

"మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేంటి?" కొత్త ఫోన్ కొన్నరోజు భర్త అన్న మాట, అతని చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తుంటే ఆమెకు మళ్ళీ గుర్తొచ్చింది. ఆమె ఫోన్ లాక్ నంబరుగా తన పుట్టినరోజు పెట్టింది కూడా అతనే. అతని ఫోన్ మాత్రం అతని బొటనవేలికి తప్ప తెరుచుకోదు. అది ఆఫీసు ఫోనట. ఆమెది కాలక్షేపం కాబోలు.

ఆమె పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో మొన్న డాక్టరుగారు ఏదో దొంగ మెయిల్ నొక్కారు. కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. ఎవరూ చెప్పకపోయినా రిపోర్టులన్నీ ఆమె విడిగా ఒక డిస్కులో దాచబట్టి ల్యాబు పరువు దక్కింది. "మీకు ఓపికెక్కువమ్మా" అన్నారాయన. తెలివి అనడానికి నోరు రాలేదు. మళ్ళీ ఇలా జరక్కుండా ఒక చిన్న ప్లాన్ రాయమన్నారు. ఒక చేత్తో గరిటె తిప్పుతూనే రాసింది. ముందు ఎవరి చేతిలో ఏ తాళం ఉందో తెలుసుకోవాలి. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకే ఉండాలి, హాల్లోంచి కేకేసి అడక్కూడదు. రిపోర్టుల కాపీ రోజూ తీయాలి. పొరపాటు చేస్తే వెంటనే చెప్పాలి, చెప్పినవాళ్ళని తిట్టకూడదు. ఈ చివరిమాట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఈ ఇంట్లో గ్లాసు పగిలితే ముందు తిట్లు, తర్వాతే చీపురు.

ప్లాన్ నడిపే బాధ్యత, దానికి పొరుగూళ్ళో పదిరోజుల శిక్షణ తనకే ఇస్తారని ఆశపడింది, ఆ మాట ఇంట్లోనూ అంది. పెళ్ళయ్యాక ఆమె తనకోసం కోరుకున్నది అదొక్కటే. ఇవాళ అడిగితే డాక్టరుగారు వింతగా చూశారు.

"మీరేగా నిన్న కుదరదన్నారు. రిసెప్షన్ అతన్ని పంపుదామనుకుంటున్నా" అంటూ తన ఫోన్ చూపించారు.

నిన్న రాత్రి ఆమె నంబరు నుంచే మెసేజ్ వచ్చింది. 'ఇంట్లో ఇబ్బందవుతుంది సార్, వేరేవాళ్ళని చూసుకోండి.' ఆమె ఫోన్లో దాని ఆనవాలే లేదు. భర్తే పంపి, చెరిపేశాడు. ఆ వేళకి ఆమె అతను తిన్న కంచమే కడుగుతోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. లోకంలోని దొంగలందరికీ ప్లాన్ రాసింది గానీ, పక్కనే కూర్చుని తింటున్నవాణ్ణి మర్చిపోయింది.

"అది నేను పంపలేదు సార్. శిక్షణకి నేనే వెళ్తాను."

"ఇంట్లో ఒకసారి అడిగి..."

"అడగాల్సిన పనిలేదు."

సాయంత్రం నిలదీస్తే భర్త సోఫాలోంచి లేవకుండానే ఒప్పుకున్నాడు. "నీ మంచికే పెట్టాను. పదిరోజులు అమ్మని ఎవరు చూస్తారు?"

"మీ అమ్మని మీరు చూడండి. నా ఫోన్ తీసి రాయకుండా, నా మంచేదో నన్నడిగితే చెప్పేదాన్ని."

"ఆడదానికి దాచుకోడానికేముంటుందమ్మా" అంది అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

అతను బల్లమీదున్న ఆమె ఫోన్ అందుకుని తన పుట్టినరోజు నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు.

"నంబరెంత?"

ఆమె తడిచేతులు తుడుచుకుని ఫోన్ అతని చేతిలోంచి తీసుకుంది.

"ఎవరికి తెలియాలో వాళ్ళకి తెలుసు" అంది.